మూడేళ్లే ఎందుకు? నేరం రుజువయ్యాక శిక్ష ఖరారయ్యే దారి

సెషన్స్ కోర్టులో తీర్పు రోజు. ముద్దాయిని బోనులోకి పిలిచి జడ్జి గారు అడుగుతారు: "నీ మీద నేరం రుజువైంది. శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" ముద్దాయి చేతులు కట్టుకుని, "అమ్మానాన్నా ముసలివాళ్లు, పిల్లలు చిన్నవాళ్లు, ఇంటికి నేనే దిక్కు, దయ చూపండి సార్" అంటాడు. అతని వకీలు లేచి, ఇదే మొదటి నేరమని ఒక మాట కలుపుతారు. ప్రభుత్వం తరఫు వకీలు పీపీ గారు లేచి, నలుగురికీ గుణపాఠం కావాలి కాబట్టి గరిష్ఠ శిక్ష వేయమంటారు. భోజన విరామం తర్వాత శిక్ష చదువుతారు. మర్నాడు జిల్లా పేజీలో "మూడేళ్ల జైలు, రూ. 5 వేల జరిమానా" అని చిన్న వార్త వస్తుంది.

నేరం చేశాడా లేదా తేల్చడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. సాక్షులు వచ్చారు, పంచనామాలు చదివారు, ప్రతి కాగితం మీదా వాదన నడిచింది. మూడేళ్లా, ఆరు నెలలా అన్నది మాత్రం చాలా కోర్టుల్లో పది నిమిషాల్లో తేలిపోతుంది. ముద్దాయి జీవితానికీ, బాధితుడి మనసుకీ అసలు తగిలేది ఆ అంకె. అది ఎక్కడి నుంచి వస్తుందో మన దేశంలో రాసిపెట్టిన లెక్క ఏదీ లేదు.

శిక్షాస్మృతిలో ఎక్కడ చూసినా కనిపించే మాట "దాకా". దొంగతనానికి మూడేళ్ల దాకా, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా, గాయం కాని హత్యాయత్నానికి పదేళ్ల దాకా. చట్టం పైకప్పు చూపిస్తుంది, దాని కింద ఎక్కడ నిలబడాలో జడ్జికి వదిలేస్తుంది. కొన్ని నేరాలకు కింద గచ్చు కూడా వేసింది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టంలో అత్యాచారానికి కనీసం పదేళ్లు, బాధితురాలికి పదహారేళ్లలోపు ఉంటే కనీసం ఇరవై. హత్య కేసులో ఉన్నవి రెండే దారులు: యావజ్జీవం, కాకుంటే ఉరి. జడ్జికున్న ఈ వెసులుబాటునే విచక్షణ అంటారు. అది అవసరమైనదే. ఆకలికి బియ్యం ఎత్తుకెళ్లినవాడినీ, తాళాలు పగలగొట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాడినీ ఒకే గాటన కట్టలేం. చిక్కల్లా ఆ విచక్షణ ఏ ఆనవాళ్ల మీద నడవాలో ఎవరూ రాయకపోవడంలో ఉంది.

రాయకపోతే ఏమవుతుందో ఒక రోడ్డు ప్రమాదం కేసు చూస్తే తెలుస్తుంది. 2007లో పంజాబ్‌లో ఒక కారు గుద్ది ఇద్దరు చనిపోయారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ 304ఏ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మేజిస్ట్రేట్ ఏడాది జైలు వేశారు, పై కోర్టు సమర్థించింది. హైకోర్టుకు వెళ్లేసరికి బాధిత కుటుంబానికి పరిహారం ముట్టిందన్న కారణంతో అప్పటికే జైల్లో గడిపిన 24 రోజులు చాలన్నారు. 2015లో సుప్రీంకోర్టు అది మరీ తక్కువని ఆరు నెలలకు పెంచింది. అదే కారు, అవే ప్రాణాలు, అదే సాక్ష్యం. నేరం చేశాడన్న విషయంలో ఈ కోర్టుల మధ్య తేడా లేదు. అయినా మూడు అంకెలు వచ్చాయి: ఏడాది, 24 రోజులు, ఆరు నెలలు. వీటిలో ఏది సరైనదో కొలవడానికి గజం బద్ద లేదు. ఈ సెక్షన్ కింద శిక్షల విధానాన్ని మళ్లీ పరిశీలించాలని ఆ తీర్పులోనే చట్టసభలకు సూచించారు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహిత ఆ పైకప్పును రెండేళ్ల నుంచి ఐదేళ్లకు లేపింది. లోపల ఎక్కడ ఆగాలన్న సంగతి పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

జడ్జి గారు అడిగే ఆ "ఏమైనా చెప్పుకుంటావా" అన్న ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. నేర విచారణ ఎలా నడవాలో చెప్పే 1898 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అలా విడిగా అడగాలన్న నియమమే లేదు. ఆ లోటు ఎంత పెద్దదో సుప్రీంకోర్టు చెప్పిన సందర్భం మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. ఈడిగ అనమ్మ కేసు, 1974 ఫిబ్రవరి తీర్పు. అసూయతో ఒక స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపిన యువతికి కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందు నేరం మీద సందేహం ఏమీ మిగల్లేదు. ఆయన చూసింది మనిషిని. చిన్న వయసు, అత్తింటి నుంచి గెంటివేత, చంకన ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్లకు పైగా నెత్తిన వేలాడిన ఉరితాడు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదనీ, అన్నీ కలిపితే త్రాసు కొద్దిగా ఒరుగుతుందనీ ఒప్పుకుంటూనే ఉరిని యావజ్జీవంగా మార్చారు.

ఆ తీర్పులో నన్ను ఎక్కువ పట్టుకునేది మరో మాట. నేరంతోపాటు నేరస్థుణ్ణీ చూడాలంటే ఆ మనిషి వివరాలు కోర్టు ముందుకు రావాలి, వాటిని రప్పించే సరైన ఏర్పాటు మన ప్రొసీజర్ కోడ్‌లో లేదు అని కోర్టే బాధపడింది. ఆ నాలుగు వివరాలూ ఏరుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ 235(2) సెక్షన్‌తో ఆ ఏర్పాటు చేసింది: దోషి అని తేల్చాక శిక్షపై విడిగా విని తీరాలి. ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 258(2).

నియమం రావడం వేరు, అలవాటు కావడం వేరు. 1976లో సంతా సింగ్ కేసులో అలా వినకుండానే ఉరి వేశారని సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసి, మళ్లీ విని నిర్ణయించమని వెనక్కి పంపింది. శిక్షపై విచారణంటే నోటి మాటలు వినడం మాత్రమే కాదనీ, అవసరమైతే సాక్ష్యం కూడా తీసుకోవాలనీ అందులో చెప్పింది. 1989లో అల్లావుద్దీన్ మియాన్ కేసులో ఇంకో అడుగు వేసి, దోషి అని ప్రకటించిన రోజే శిక్ష వేయకుండా మరో తేదీకి వాయిదా వేయడం మంచి పద్ధతి అంది. వాయిదా వేస్తే ముద్దాయి తేరుకుంటాడు, వకీలు కాగితాలు తెస్తాడు. తర్వాత వచ్చిన కొన్ని తీర్పులు, అదే రోజు వేసినంత మాత్రాన శిక్ష చెల్లకుండా పోదన్నాయి. దాంతో మొదట్లో చెప్పిన ఆ పది నిమిషాల దృశ్యం ఇంకా నడుస్తూనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌దే ఇంకో కేసు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1977 నాటి గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలు ఇప్పిస్తామని కుర్రాళ్ల దగ్గర డబ్బు తీసుకుని మోసం చేసిన మనిషికి మూడేళ్ల కఠిన కారాగారం పడింది. మళ్లీ జస్టిస్ కృష్ణయ్యరే దాన్ని 18 నెలలకు తగ్గించారు. అంతటితో వదల్లేదు. జైల్లో ఇతనికి బుద్ధితో చేసే పని ఇవ్వండి, ఇంటివాళ్లతో సంబంధం తెగిపోకుండా పెరోలు ఇవ్వండి అని ఆదేశించారు. శిక్ష అంటే రోజుల లెక్క ఒక్కటే అనుకునే మనకు, ఆ రోజుల్లో ఏం జరగాలన్నది కూడా శిక్షలో భాగమేనని ఈ తీర్పు చెబుతుంది.

జడ్జిలు ఇన్నేళ్లుగా చూస్తూ వచ్చిన అంశాలు అందరికీ తెలిసినవే. ముందే పన్నాగం పన్నాడా, నమ్మి అప్పగించినవాళ్లనే ముంచాడా, బాధితులు నిస్సహాయులా, క్రూరత్వం ఉందా, పాత నేరాలున్నాయా అన్నవి శిక్షను పైకి లాగుతాయి. చిన్న వయసు, మొదటి తప్పు, అప్పటికప్పుడు రెచ్చగొట్టబడటం, గుంపులో చిన్న పాత్ర, తప్పు ఒప్పుకుని నష్టం పూడ్చడం, కేసు ఏళ్లూ పూళ్లూ సాగి మనిషి మారిపోవడం కిందికి లాగుతాయి. ఇవన్నీ వందల తీర్పుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏది ఎంత లాగాలో ఎక్కడా లేదు. మొదటి నేరం అయితే నాలుగో వంతు తగ్గాలా, సగం తగ్గాలా? ఒక జడ్జి గారికి పేదరికం కరుణ పుట్టిస్తుంది, మరొకరు అసలు పట్టించుకోరు. ఇద్దరూ చట్టం లోపలే ఉన్నారు. కల్తీ సారా తాగి జనం చనిపోయిన కేరళ కేసులో 2012లో తీర్పిస్తూ, మన నేర న్యాయ వ్యవస్థలో అన్నింటికన్నా బలహీనమైన భాగం శిక్ష నిర్ణయించడమేనని సుప్రీంకోర్టు బాహాటంగా ఒప్పుకుంది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 2003లో, జస్టిస్ మలిమత్ కమిటీ మార్గదర్శకాలు తయారుచేసే వ్యవస్థను చట్టంతో ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు కాగితం దాటలేదు.

మార్గదర్శకాలు ఉన్న చోట పని ఎలా నడుస్తుంది? ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 నుంచి సెంటెన్సింగ్ కౌన్సిల్ అనే సంస్థ ఉంది. నేరానికొక మార్గదర్శకం రాస్తుంది. దొంగతనాన్నే తీసుకోండి. జడ్జి మొదట రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇందులో ఇతని తప్పు ఎంత, జరిగిన నష్టం ఎంత? ముఠాను నడిపాడా, ఎవరో బెదిరిస్తే చేశాడా అన్నది మొదటిది. పోయిన సొత్తు విలువ, దానితోపాటు బాధితుడికి కలిగిన ఇబ్బంది రెండోది. ఈ రెండింటినీ కలిపితే పట్టికలో ఒక గడి దొరుకుతుంది. అందులో మొదలుపెట్టాల్సిన అంకె, దాని చుట్టూ పై హద్దు, కింది హద్దు ఉంటాయి. తర్వాత శిక్ష పెంచే, తగ్గించే పరిస్థితులను బట్టి హద్దుల లోపల జరుగుతారు. మొదటి అవకాశంలోనే నేరం ఒప్పుకుంటే మూడో వంతు తగ్గుతుంది, విచారణ మొదలయ్యే రోజున ఒప్పుకుంటే పదో వంతే. చివరికి ఎన్ని నేరాలున్నా మొత్తం శిక్ష న్యాయంగా ఉందా అని ఒకసారి వెనక్కి చూసుకుంటారు. పట్టిక దాటిపోవచ్చు, కాకపోతే దాన్ని పాటిస్తే అన్యాయం జరుగుతుందని జడ్జి చెప్పగలగాలి. నాకు ఇందులో నచ్చేది, ముద్దాయి అయినా బాధితుడైనా ఆ కాగితం చదివి, అంకె ఏ మెట్టు దగ్గర ఎటు తిరిగిందో పట్టుకోగలగడం. అప్పీలుకు వెళ్లేవాడికి వేలు పెట్టి చూపించే చోటు దొరుకుతుంది.

అమెరికా ఫెడరల్ కోర్టులది మరింత బిగువైన లెక్క. 1984 చట్టంతో పుట్టి, 1987 నవంబర్ 1 నుంచి అమలైంది. నిలువున 43 నేర స్థాయిలు, అడ్డంగా పాత నేర చరిత్రను బట్టి ఆరు వరుసలు, మొత్తం 258 గడులు. మోసం కేసైతే నష్టం ఎంత ఎక్కువైతే అన్ని స్థాయిలు పైకి ఎక్కుతుంది. బాధ్యత ఒప్పుకుంటే రెండు మూడు స్థాయిలు దిగుతుంది. పాత నేరాలు లేనివాడు 15వ స్థాయిలో తేలితే 18 నుంచి 24 నెలలు. అమెరికాలో మనవాళ్లెవరైనా మోసం కేసులో చిక్కుకుంటే మన పత్రికల్లో "20 ఏళ్ల దాకా జైలు పడే అవకాశం" అని రాస్తారు, ఊళ్లో తల్లిదండ్రుల గుండెలు జారిపోతాయి. ఆ 20 ఏళ్లు చట్టం పైకప్పు. ఆ మనిషి నిజంగా ఎక్కడ నిలబడతాడో ముందుగా చూపేది ఈ పట్టిక. తీర్పుకు ముందు ప్రొబేషన్ అధికారి ముద్దాయిని కూర్చోబెట్టి కుటుంబం, చదువు, ఆరోగ్యం, అప్పులు అన్నీ రాసుకుని కోర్టుకు నివేదిక ఇస్తారు. మన పది నిమిషాల స్థానంలో అక్కడ ఆ నివేదిక ఉంది.

పట్టికలను చూసి మురిసిపోకూడదు కూడా. 1986 అమెరికా చట్టం ఐదు గ్రాముల క్రాక్ కొకైన్‌కూ, 500 గ్రాముల పొడి కొకైన్‌కూ ఒకే కనీస శిక్ష పెట్టింది, ఐదేళ్లు. మత్తుమందు ఒకటే, రూపం వేరు. క్రాక్ కేసుల్లో పట్టుబడి దీర్ఘకాలం జైలుపాలైనవాళ్లలో అత్యధికులు నల్లజాతివారు. ఆ వంద రెట్ల తేడాను 18 రెట్లకు తగ్గించడానికి 2010 దాకా పట్టింది. పట్టిక ఆ అన్యాయాన్ని దేశమంతా ఒకే తీరుగా పంచింది. 2005లో బుకర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పట్టిక తప్పనిసరి కాదనీ, సలహా మాత్రమేననీ తేల్చింది. జడ్జి ఇప్పటికీ లెక్క వేస్తారు, ఆపైన మనిషిని చూసి కారణం రాసి పక్కకు జరగవచ్చు.

మన దగ్గర పట్టికలాంటిది లేదా అంటే ఒకటుంది. మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్. గంజాయి కిలోలోపు ఉంటే ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం, కనీసం పదేళ్లు, ఇరవై దాకా వెళ్లవచ్చు, కనీసం లక్ష జరిమానా. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం నుంచి దిగే సంచుల గురించి వార్తలు చదివేవాళ్లకు ఈ తూకాలు కొత్త కాదు. 19 కిలోలతో దొరికిన మనిషికి జడ్జి రెండేళ్లు వేయవచ్చు. 21 కిలోలతో దొరికినవాడికి పదేళ్ల కంటే తగ్గించే అధికారం ఏ జడ్జికీ లేదు. ఆ సంచి సొంతదా, కూలికి మోస్తున్నాడా, వయసు పంతొమ్మిదా, యాభయ్యా అన్నది ఆ గచ్చును కదల్చదు. కనీస శిక్షకు మించి వేయడానికి ఏమేం చూడవచ్చో 32బీ సెక్షన్ వరుసగా చెప్పింది: ఆయుధం వాడటం, మైనర్లను దింపడం, విద్యాసంస్థల దగ్గర అమ్మడం వగైరా. కిందికి తేవడానికి ఏం చూడాలో ఒక్క ముక్క లేదు. కూలి డబ్బులకు సంచి మోసే కుర్రాడూ, దాన్ని కొని నగరాల్లో అమ్మించే పెద్ద చేతులూ ఒకే తూకంలో పడటం నాకు ఏ విధంగానూ మింగుడుపడదు. పైగా ఆ పెద్ద చేతులు సంచి దగ్గర ఎప్పుడూ ఉండవు.

ఉరిశిక్షల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు చాలా దూరం నడిచింది. 1980లో బచ్చన్ సింగ్ కేసులో "అరుదైన వాటిలోకెల్లా అరుదైన" సందర్భాల్లోనే ఉరి అంది. అందరికీ గుర్తున్న మాట అదే. ముద్దాయి మారే అవకాశం లేదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమేనన్న సూచనను ఆ తీర్పు ప్రస్తావించి విలువైనదని అంగీకరించింది. అది మరుగునపడింది. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన మనోజ్ కేసులో కోర్టు మళ్లీ దాన్ని పైకి తీసింది. ముద్దాయి బాల్యం, చదువు, కుటుంబం, మానసిక స్థితి, జైల్లో ప్రవర్తన వివరాలు విచారణ కోర్టులోనే సేకరించి ముందు పెట్టాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్షపై నిజమైన విచారణ అంటే ఏమిటో తేల్చమని ఐదుగురు జడ్జిల ధర్మాసనానికి నివేదించింది. ప్రాణం తీసే శిక్షకు ఇంత శ్రద్ధ న్యాయమే. పదేళ్ల జైలు పడేవాడి గతం ఎవరు సేకరించాలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

వార్తల్లో కనిపించే మరో రెండు మాటలు విడదీసి చెప్పుకోవాలి. "శిక్షలు ఏకకాలంలో అనుభవించాలి" అంటే మూడేళ్లు, రెండేళ్లు పడినా మొత్తం మూడేళ్లే. ఒకదాని తర్వాత ఒకటి అంటే ఐదేళ్లు. ఒక్క మాటతో రెండేళ్లు పెరుగుతాయి, దానికి కారణం రాసిన తీర్పులు అన్నీ ఉండవు. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లన్నది జనంలో పాతుకుపోయిన అపోహ. యావజ్జీవం అంటే ఊపిరి ఉన్నంతకాలమేనని 1961లో గోడ్సే సోదరుడి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉరి కూడా పడగల నేరాల్లో యావజ్జీవం పడినవాళ్లను ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా పద్నాలుగేళ్లు నిండాలి. ఆ సంఖ్య అక్కడి నుంచి వచ్చింది.

2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చినప్పుడు ఈ లోటు పూడ్చుకునే అవకాశం చేతికి అందింది. అయిదు వేలలోపు సొత్తు దొంగిలించి, మొదటిసారి దొరికి, సొత్తు తిరిగి ఇచ్చేసినవాడికి సమాజ సేవ శిక్షగా పెట్టారు. మంచి మార్పే. అయితే ఎన్ని గంటలు చేయాలో, ఎలాంటి పనో సంహిత చెప్పలేదు. ఒక ఊళ్లో రెండు రోజులు ఆసుపత్రి ఊడవమంటారు, పక్క ఊళ్లో నెల రోజులు ట్రాఫిక్ దగ్గర నిలబెడతారు. రెండూ చెల్లుతాయి. కొత్తగా పుట్టిన శిక్ష కూడా కొలత లేకుండానే పుట్టింది. దానికి ఆరు వారాల ముందే, 2024 మేలో, బిహార్ నుంచి వచ్చిన ఒక కేసులో జస్టిస్ సుందరేశ్, మదనపల్లె నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి కలిసి, శిక్షల విధానంపై కమిషన్ వేసి నివేదిక తెప్పించే విషయం పరిశీలించమని కేంద్రానికి చెప్పారు.

కమిషన్ వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలిపెట్టే ప్రొబేషన్ చట్టం 1958 నుంచి ఉంది. యావజ్జీవం పడని నేరంలో ముద్దాయికి 21 ఏళ్లలోపు ఉంటే, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించి చూడకుండా, ప్రొబేషన్ ఎందుకు కుదరదో కారణాలు రాయకుండా జైలుకు పంపకూడదని దాని ఆరో సెక్షన్ చెబుతుంది. అంటే ఎవరో ఒకరు ఆ కుర్రాడి ఊరికి వెళ్లాలి, ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి, చదివిన బడిలో, పనిచేసిన చోట అడగాలి, రాసుకుని రావాలి. మన మొదటి దృశ్యంలో బోనులో నిలబడ్డవాడికి ఇరవై ఏళ్లయితే, అతని వకీలు దయ చూపమనడానికి ముందు అడగాల్సింది ఆ నివేదిక కోసం ఒక వాయిదా.